డీకే నాలుగు

రేసు బండి ముక్కు మీద రాసిన అంకె దాని పేరు కాదు. ఈ ఒక్క ముక్క చెప్పి చెప్పి నాకు విసుగొచ్చేసింది. స్టీల్ ప్లాంటులో మా షిఫ్టు వాళ్ళకి చెప్పాను, చర్చిలో పాస్టరుగారికి చెప్పాను, మా ఆవిడ రోజలిన్‌కైతే పెళ్ళైన దగ్గర్నుంచీ చెబుతూనే ఉన్నాను. అయినా "మీ పదిహేడో నంబరు బండి ఎలా ఉందండీ దయానందంగారూ?" అనే అడుగుతారు. పదిహేడు అనేది ఆ ఏడాది పోటీ నడిపేవాళ్ళు ఇచ్చిన అంకె. మరుసటేడు ఇంకోటి ఇస్తారు. స్టిక్కరు గోకేస్తే పోతుంది.

బండికి పేరు పెట్టేది దాన్ని చేసినవాడు. ముందు చేసినవాడి అక్షరాలు, ఆ తర్వాత అది ఎన్నో మోడలో ఆ అంకె. కొందరు ఏడాదిని బట్టి అంకె వేస్తారు, కొందరు ఒకటి నుంచి వరసగా పోతారు. మాది వరస. మా బండ్ల పేరు డీకే. డీ అంటే దయానందం, కే అంటే కోటి. ఒకే మోడల్లో రెండు బండ్లు చేస్తే అంకె పక్కన గీత పెట్టి ఒకటి, రెండు అని వేస్తాం. పాత ఛాసిస్, అంటే గొట్టాల చట్రం, ఉంచేసి పైన మార్పులు చేస్తే పక్కన బి అక్షరం చేరుతుంది. ఛాసిస్సే కొత్తదైతే అంకె కొత్తది. ఒక బండికి ఇచ్చిన పేరు ఇంకో బండికి ఇవ్వకూడదు. ఈ పేరుని చిన్న అల్యూమినియం రేకు మీద పంచ్ కొట్టి, డ్రైవరు కాళ్ళ దగ్గర గొట్టానికి రివెట్లు వేసి బిగిస్తాం. దాన్ని ప్లేటు అంటాం. పోటీకి ముందు బండిని తనిఖీ చేసేవాళ్ళు మొట్టమొదట టార్చి వేసి చూసేది ఆ ప్లేటునే. బండి ఎంత మెరిసినా వాళ్ళకి పట్టదు, ప్లేటు మీద ఉన్నదీ కాగితం మీద ఉన్నదీ ఒకటి కాకపోతే బండిని వెనక్కి తీసుకుపొమ్మంటారు.

కోటిది పెదజాలరిపేట. అన్నదమ్ములు ఇప్పటికీ వేటకెళ్తారు. కోటి మాత్రం ఫిషింగ్ హార్బర్లో ఫైబర్ తెప్పలకి చిల్లులు పూడ్చే పని పట్టుకున్నాడు. తొంభై మూడులో ఏదో ఇంజను బ్రాకెట్ వెల్డింగ్ చేయించుకోడానికి కూర్మన్నపాలెంలో మా ఇంటి వెనక రేకుల షెడ్డుకి వచ్చాడు. నేను అప్పటికే గొట్టాలు అతికించి ఒక అస్థిపంజరం చేసి పెట్టుకున్నాను, దానికి పైన కప్పు లేదు. "దీనికి బాడీ నాను పోత్తాను బావా, తెప్పకి పోసినట్టే గదా" అన్నాడు. పోశాడు. డీకే ఒకటి అది. మారుతి ఇంజను, ఒక్క సీటు, చేపల వాసన. మద్రాసు దగ్గర ట్రాకు మీద అది మూడో రౌండులో ఆగిపోయింది. మేం మాత్రం ఆగలేదు. అప్పుడే ఆగి ఉంటే నా నడుం ఇవాళ బాగుండేది.

రెండో బండి నుంచి డ్రైవరు కోటి కొడుకు నాగబాబు. కెరటం ఎప్పుడు విరుగుతుందో చూసి తెప్పని దాటించడం నేర్చుకున్న కుర్రాడు, మలుపులో కూడా అంతే. తొందరపడడు, ఆలస్యం చేయడు. డీకే రెండు, డీకే మూడు వాడే నడిపాడు. నాకు పిల్లల్లేరు. వాడు షెడ్డులోకి వచ్చి "మావా, టీ ఏది?" అంటే నాకు ఇల్లు నిండినట్టుండేది. ఈ మాట వాడికి ఎప్పుడూ చెప్పలేదు.

డీకే నాలుగు రెండువేల రెండులో చేశాం. మేం చేసిన వాటిలో మంచి బండి అదే. బాగా కిందికి దించాం, సీటుని నాగబాబు వీపు అచ్చు తీసి పోశాం. తడి ప్లాస్టర్లో కూర్చోబెడితే వాడు ఒకటే గొడవ. "అయ్యా, దురదెడతంది, ఇంకెంతసేపు?" కోటి వాడి భుజాలు నొక్కిపట్టి "కదిలితే నీ ఈపు వంకరొచ్చేత్తాది, ఊరుకో" అని తిట్టాడు. పోటీ వాళ్ళకి ఛాసిస్ కొలతలు, ఫొటోలు పంపించాం. ప్లేటు కొట్టి బిగించాం. ఇంక ట్రాకు మీదకి దించడమే మిగిలింది.

ఆ వారంలోనే నాగబాబు పోయాడు. రేసు బండిలో కాదు, మామూలు మోటారు సైకిలు మీద, మా షెడ్డుకి వస్తూ, కూర్మన్నపాలెం జంక్షనుకి కాస్త ముందు. లారీ. హెల్మెట్ పెట్టుకునే ఉన్నాడు. నేను ఆ రోజు జనరల్ షిఫ్టులో ఉన్నాను, ఎవరో గేటు దగ్గరికి వచ్చి చెప్పారు. ఇంతకంటే రాయడం నా వల్ల కాదు.

డీకే నాలుగు మీద టార్పాలిన్ కప్పేశాం. అది షెడ్డులో ఎడమ గోడ పక్కన అలాగే ఉండిపోయింది. కోటి నోట నాగబాబు పేరు మళ్ళీ రాలేదు. చెప్పక తప్పని చోట "మావోడు" అనేవాడు, అది కూడా సగంలో మింగేసేవాడు. కోటి భార్య తవిటమ్మ మా ఇంటికి రావడం మానలేదు. రోజలిన్‌కి చేపలు ఇచ్చి, వంటింటి గుమ్మంలో కూర్చుని మాట్లాడి వెళ్ళేది గానీ షెడ్డు వైపు తల కూడా తిప్పేది కాదు.

ఏడాది దాటాక ఒక ఆదివారం కోటి తనే వచ్చాడు. నేను చర్చి నుంచి వచ్చి చొక్కా విప్పుతున్నాను.

"బావా, మళ్ళీ సేద్దామేటి?"

"నా ఒంట్లో ఓపిక నేదురా."

"నాకూ నేదు. ఖాళీగా కూకుంటే ఇంకా నేదు."

అంతే. మళ్ళీ మొదలెట్టాం. డ్రైవరుగా మా అక్క కొడుకు డానీ. మద్దిలపాలెంలో టైర్ల షాపులో పని, బండి మీద మంచి చెయ్యి. ముందుగా అందరికీ తోచే పనే చేశాం. టార్పాలిన్ తీసి వాణ్ణి నాలుగో బండిలో కూర్చోమన్నాం. పట్టలేదు. డానీ భుజాలు వెడల్పు, సీటు అంచులు వాడి పక్కల్లో గుచ్చుకున్నాయి. "కొంచెం కోసేస్తే సరిపోద్ది మామయ్యా" అన్నాడు. నేను రంపం తీశాను. కోటి సీటు మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఎంతసేపటికీ తియ్యలేదు. నేను రంపం గోడకి తగిలించేశాను. టార్పాలిన్ మళ్ళీ కప్పేశాం. కొత్త ఛాసిస్‌కి గొట్టాలు కొయ్యడం మొదలెట్టాం.

ఈసారి పని నత్తనడక. షిఫ్టు దిగి వచ్చి గంట పని చేస్తే నడుం పట్టేసేది. కోటికి ఫైబర్ పోసే రెసిన్ వాసన పడట్లేదు, దగ్గు. ఒకప్పుడు పాటలు పెట్టుకుని పని చేసేవాళ్ళం, ఇప్పుడు రేడియో బ్యాటరీలు అయిపోతే మార్చేవాడు లేడు. ఎందుకు చేస్తున్నావంటే, చేస్తే కోటి వస్తాడు, చెయ్యకపోతే రాడు. అంతవరకే తెలుసు.

బండి పూర్తయింది. మద్రాసు నుంచి పోటీ కాగితం వచ్చింది. అందులో మోడల్ పేరు అని ఒక గడి. నేను పెన్ను తీసి డీకే ఐదు అని రాయబోతూ, ప్లేటు కొట్టాలి కదా అని షెడ్డులోకి వెళ్ళి కొత్త బండి లోపలికి వంగి చూశాను. ప్లేటు అప్పటికే ఉంది. రివెట్ల తలలు కొత్తగా మెరుస్తున్నాయి, రేకు మాత్రం పాతది. డీకే నాలుగు. నా చేత్తో నేను కొట్టిన అక్షరాలు నాకు తెలీవా? పక్కకి వెళ్ళి టార్పాలిన్ ఎత్తాను. పాత బండి గొట్టం మీద నాలుగు చిల్లులు ఉన్నాయి.

నాకు ఒళ్ళు మండిపోయింది. మా పనిలో ఇంతకంటే పెద్ద తప్పు లేదు. ఇంజను కొంచెం పెంచితే మందలిస్తారు. ఒక బండి ప్లేటు ఇంకో బండికి వేస్తే దొంగ అంటారు.

కోటి పెరట్లో కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. కేకేశాను.

"ఏట్రా ఇది? ఎవుడు సేసిన పని?"

"నానే" అన్నాడు తువ్వాలుతో తుడుచుకుంటూ. తప్పు చేసిన మొహం కాదు.

"ఆ బండి ఫొటోలు, కొలతలు ఆళ్ళ దగ్గరున్నాయి. అది వేరు, ఇది వేరు. గేటు బయటికి గెంటేత్తారు మనల్ని. పదేళ్ళ పేరు పోద్ది!"

"ఆ బండి ఎక్కడికీ ఎల్లనేదు గదా బావా. దానికి నంబరేటి? ఒడ్డున ఉన్న తెప్పకి మేం పేరెట్టం. పూజ సేసి నీట్లోకి దించినాకే పేరు. దిగకముందే ఇరిగిపోతే దానికి పేరు నేదు, ఆ పేరు తరవాత తెప్పకి ఎల్తాది. మా తాత కాడినించీ అలగే. ఇదీ అంతే."

"ఇది తెప్ప కాదురా బాబూ! పుట్టినదానికి పేరిచ్చేం. పేరిచ్చేక తియ్యకూడదు. ఇది ఐదు."

"ఐదు రాయకు."

"ఐదే రాత్తాను."

"రాయకు బావా!" అని అరిచాడు. అన్నేళ్ళలో కోటి నా మీద గొంతెత్తడం అదే మొదటిసారి. తర్వాత గొంతు దిగిపోయింది. "ఐదని రాత్తే నాలుగేదని అడుగుతారు. మూడు తెచ్చేరు, ఇప్పుడు ఐదు తెచ్చేరు, మద్దెలోది ఏదీ అంతారు. కాగితం సూసేవోడు అడుగుతాడు, టైర్లోడు అడుగుతాడు, టీ పోసేవోడు అడుగుతాడు. పెతీ ఓడికీ నాను నిలబడి సెప్పాలా? నా వల్ల కాదు. నాలుగని రాసేయ్. ఎవుడూ ఏటీ అడగడు."

అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. వాడి భయం ఆ ఒక్క ప్రశ్న. దాని కోసం అంకెల వరసలో ఖాళీనే మూసేద్దామనుకున్నాడు. జాలేసింది, కోపం కూడా పోలేదు. నాలుగుని ఈ కొత్త బండికి ఇచ్చేస్తే టార్పాలిన్ కింద ఉన్నది ఏమవుతుంది? పేరు లేని ఇనప సామాను. ఎవరైనా వచ్చి ఇదేంటంటే ఏమీ కాదు అనాలి. నాగబాబు వీపు అచ్చు పోసిన బండిని ఏమీ కాదు అనడం నాకు చేతకాదు.

అప్పుడు గుమ్మంలో ఎవరో నిలబడినట్టయితే తిరిగి చూశాను. తవిటమ్మ. వెనకాల రోజలిన్, చేతిలో ఇంకా చేపల గిన్నె. మా అరుపులు వంటింట్లోకి వినబడినట్టున్నాయి. నాగబాబు పోయాక తవిటమ్మ ఆ షెడ్డులో అడుగుపెట్టడం అదే మొదటిసారి. గుమ్మం దాటి లోపలికి వచ్చింది.

"నీకెందుకే, ఎల్లు" అన్నాడు కోటి.

ఆవిడ వాడి మాట పట్టించుకోలేదు. నావైపు తిరిగి, "ఏ రేకు గురించన్నయ్యా మీ గొడవ?" అంది.

కొత్త బండిలో ప్లేటు చూపించాను. పాత బండి మీద చిల్లులు కూడా చూపించాను. వంగి రెండూ చూసింది. చిల్లుల మీద బొటనవేలు పెట్టి ఒకసారి రాసింది. తర్వాత మొగుడివైపు తిరిగింది.

"నాగబాబు నాకు ఎన్నో కానుపు?"

కోటి నేల చూశాడు.

"సెప్పు. ఎన్నో కానుపు?"

"మూడు" అన్నాడు చివరికి.

"ముందరి ఇద్దరూ ఉన్నారేటి? ఒకడు కళ్ళే తెరవనేదు. రెండోది పురిటి గదిలోనే పోయింది. నాగబాబప్పుడు ఆస్పత్రిలో నర్సమ్మ ఎన్నో కానుపమ్మా అనడిగింది. మీ యమ్మ నా సెయ్యి గిల్లి తొలిసూరని సెప్పమంది, లేపోతే పాత పీడ మళ్ళీ తగుల్తాదని. నాను మూడోదనే సెప్పేను. తొలిసూరంటే ఆ ఇద్దరూ నాకు పుట్టనట్టే గదా? మోసింది నానే, కన్నది నానే, ఎందుకు తీసేత్తాను?"

రోజలిన్ కళ్ళు తుడుచుకుంటోంది.

"పరిగెత్తనేదని పుట్టనేదంతావేటి?" అంది తవిటమ్మ. కోపంగా అనలేదు, అలిసిపోయిన గొంతుతో అంది.

"అడుగుతారే" అన్నాడు కోటి. "పెతీ ఓడూ అడుగుతాడు."

"నన్నడగట్నేదేటి? రేవులో అడుగుతారు, బస్సులో అడుగుతారు. ఎంతమంది పిల్లలమ్మా అంతారు. నువ్వు తెప్పలకాడ తలొంచుకుని పని సేసుకుంతావు, నాను జనంలో తిరిగి సేపలమ్ముతాను. రోజూ సెప్తాను. సెప్పినాక కూడా సేపలు అమ్ముతాను." కాస్త ఆగింది. "నాను సెప్పనేదా? నువ్వూ సెప్పు."

కోటి ఒక స్టూలు మీద కూర్చుండిపోయాడు. ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని నాకనిపించింది. నేను డ్రిల్లు తీసి కొత్త బండిలో రివెట్ల తలలు ఎగరగొట్టాను. రేకు ఊడి వచ్చింది. దాన్ని తవిటమ్మ నా చేతిలోంచి తీసుకుని, పాత బండిలోకి వంగి, ఆ నాలుగు చిల్లుల మీద సరిగ్గా ఆనించి పట్టుకుంది. ఆవిడ వేళ్ళకి ఇంకా చేపల పొలుసులు అంటుకుని ఉన్నాయి. నేను ఒక్కో రివెట్టూ వేశాను. ఆఖరి రివెట్టుకి కోటి లేచి వచ్చి నా చేతిలో రివెట్ల గన్ను తీసుకున్నాడు. వాడే వేశాడు.

ఆ మర్నాడు కొత్త రేకు మీద డీకే ఐదు కొట్టాను. కాగితంలో కూడా అదే రాసి పంపాను. కోటి ప్లేటువైపు చూడకుండానే బండిని లారీ ఎక్కించాడు.

మద్రాసు ప్రయాణం అంటే నా వయసువాడికి శిక్ష. లారీలో బండి పక్కనే దుప్పటి వేసుకుని కూర్చున్నాం. నెల్లూరు దాటాక కోటి ఒక్క మాట అన్నాడు, "అడిగితే నువ్వు సెప్పు బావా." సరే అన్నాను. దారంతా మనసులో కూర్చుకున్నాను. ఒక ప్రమాదం జరిగిందండీ, ఆ బండి పక్కన పెట్టేశాం, అని. అంతకంటే ఎక్కువ చెప్పకుండా ముగించాలని.

తనిఖీ షెడ్డులో వరస పొడుగ్గా ఉంది. ఎండ. పాతవాళ్ళు ఎవరూ కనబడలేదు, తనిఖీకి కొత్త కుర్రాడు వచ్చాడు. మాటల్లో తెలుగువాడని తెలిసింది, చిత్తూరు వైపు యాస. మర్యాదస్తుడు. మమ్మల్ని చూసి "వైజాగ్ నుంచే వచ్చారా సార్, అంత దూరం?" అన్నాడు. బెల్టులు లాగి చూశాడు, బ్రేకులు చూశాడు. తర్వాత లోపలికి వంగి టార్చి వేశాడు. చేతిలో కాగితం చూశాడు, మళ్ళీ ప్లేటు చూశాడు. సరిపోయాయి. టిక్కు పెట్టబోతూ ఆగాడు.

"మీ రికార్డు ప్రకారం ఆఖరున పోటీలో పరిగెత్తింది డీకే మూడు. ఇది ఐదు. మధ్యలో నాలుగు ఏమైంది సార్?"

వాడి తప్పేమీ లేదు. ఎవడైనా అదే అడుగుతాడు. నేను గొంతు సవరించుకుని కూర్చుకున్న వాక్యం మొదలెట్టబోయాను. కోటి నా మోచెయ్యి పట్టుకుని పక్కకి జరిపాడు.

"ఇంటికాడుంది" అన్నాడు.

"అవునా? తేలేదేం మరి?"

"అది మా అబ్బాయిది. సీటు ఆడి ఈపుకి పోసేను. ఇంకెవుడికీ పట్టదు."

కుర్రాడు తల ఊపాడు. అర్థమయిందో లేదో నాకు తెలీదు. టిక్కు పెట్టి, మర్యాదకి అన్నట్టు, "పేరేంటి సార్ మీ అబ్బాయిది?" అన్నాడు.

వెనక వరసలో ఎవరో ఇంజను స్టార్టు చేశారు.

"నాగబాబు" అన్నాడు కోటి.

కుర్రాడు స్టిక్కరు అంటించి వెళ్ళచ్చన్నట్టు చెయ్యి ఊపాడు. డానీ బండిని ముందుకి తొయ్యడం మొదలెట్టాడు. కోటి మాత్రం కదల్లేదు. తర్వాతి బండి దగ్గరికి వెళ్ళిపోతున్న ఆ కుర్రాడి వెనకే రెండడుగులు వేసి, ఎవరూ అడక్కపోయినా చెప్పాడు.

"రెండు, మూడు కూడా ఆడే నడిపేడు బాబూ."